మూడేళ్ళలోపు పిల్లలకు బడి గది వద్దు: అధికారులకు, యాజమాన్యాలకు బహిరంగ లేఖ

పసిపిల్లల కేంద్రాలను కట్టించే, అనుమతించే, తనిఖీ చేసే అధికారులకు. పనికెళ్ళే తల్లుల పిల్లల్ని పగలు చూసుకునే క్రెష్‌లు, ప్లేస్కూళ్ళు నడుపుతున్న యాజమాన్యాలకు,

నమస్కారం.

ఏడాది నిండి, మూడేళ్ళు నిండని పిల్లలుండే గది ఎలా ఉండాలో కొలతలతో సహా రాసి ఇదివరకే వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు. ఆ తర్వాత కబురు లేదు. ఈలోగా కొత్త గదులకు రంగులు పడుతున్నాయి, బల్లలు దిగుతున్నాయి. ఒకసారి దిగాక మళ్ళీ మార్చరు కాబట్టి ఇక అందరూ చదివేలా రాస్తున్నాం. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు, క్రెష్ కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నవాళ్ళం మేము.

అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇవాళ తెలంగాణలో 35 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు చాప, పాట, భోజనం ఉన్నాయి. అంతకన్నా చిన్నవాళ్ళకు తూకం, టీకా, ఇంటికి పంపే బాలామృతం పిండి పొట్లం ఉన్నాయి. అంటే ఇన్నాళ్ళూ ఆ పిల్లలకు దక్కింది పొట్లం, గది కాదు. ఇప్పుడు పరిస్థితి మారింది. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు వచ్చాయి. 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం 50 మందీ, ఆ పైనా ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ ఉండి తీరాలంది. పట్టణాల్లో రెండేళ్ళకే పిల్లల్ని చేర్చుకునే ప్రీ నర్సరీలు వీధికొకటి కనిపిస్తున్నాయి. గదులైతే వచ్చాయి. కానీ ఐదేళ్ళ పిల్లాడి గదినే కాస్త కుదించి ఏడాదిన్నర పిల్లకు ఇచ్చారు. మా ఫిర్యాదు ఇదే.

2024లో కేంద్ర ప్రభుత్వం పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా ఆడించాల్సిన ఆటలతో ‘నవచేతన’ తెచ్చింది. మంచి పని. అయితే ఆ ఆటలు కాగితం మీద బాగున్నాయి, వాటిని ఆడించాల్సిన గదిలో అడుగు తీసి అడుగు వేసే చోటుండదు.

ఈ వయసు గురించి పిల్లల ఎదుగుదలను అధ్యయనం చేసిన నలుగురు నిపుణులు చెప్పినదాన్ని నాలుగు మాటల్లో చెప్పొచ్చు. రెండేళ్ళ దాకా పిల్లలు చేతులతో, కాళ్ళతో, నోటితోనే ఆలోచిస్తారన్నాడు పియాజే. ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య ‘నేనే చేస్తా’ అనే పట్టుదలకూ, చేయలేనేమో అనే సిగ్గుకూ పెనుగులాట నడుస్తుందన్నాడు ఎరిక్సన్. నమ్మకమైన మనిషి దగ్గరుంటేనే పిల్ల ఆమెను వదిలి ఆటకు పోతుందన్నాడు బౌల్బీ. ఈ వయసువాళ్ళు కలిసి ఆడరు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడతారని మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే రాసింది. పరీక్షలో రాసి మరిచిపోవడానికి కాదు ఇవి. ఒక్కో మాట వెనుక గదిలో ఒక్కో కొలత ఉంది.

1. చోటు. 2013 జాతీయ శిశు విద్యా విధానం 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది ఉండాలంది. తలకు పన్నెండున్నర చదరపు అడుగులు. కూర్చుని కథ వినే నాలుగేళ్ళ పిల్లకు అది సరిపోవచ్చు. నడక నేర్చుకుంటున్న పిల్ల కూర్చోదు. ఇంగ్లండ్‌లో రెండేళ్ళలోపు పిల్లకు 3.5, రెండేళ్ళ పిల్లకు 2.5 చదరపు మీటర్లు ఇవ్వాలి. మేము అడుగుతున్నది ఆ రెండిటిలో తక్కువదే: తలకు 2.5 చదరపు మీటర్లు, అంటే 27 చదరపు అడుగులు. బీరువాలు, బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండరు ఆక్రమించిన చోటు అందులో లెక్కకు రాదు. ఆ లెక్కన పది బై పన్నెండు గదిలో నలుగురు పడతారు.

ఇరుకు గదిలో మొదట బయటపడేది కొరుకుడు. మాటలు ఇంకా రాని పిల్ల, చేతిలో బొమ్మ లాక్కుంటే పక్కవాడి చెయ్యి కొరుకుతుంది. సాయంత్రం కొరికించుకున్న పిల్లాడి తల్లి వస్తుంది, ఆయాకు చీవాట్లు పడతాయి, కొరికిన పిల్లకు పొగరుబోతని పేరొస్తుంది. తప్పు పిల్లదీ కాదు, ఆయాదీ కాదు, పది మందిని ఆ గదిలో కుక్కిన కాగితానిది.

అదే 2013 విధానం మూడేళ్ళలోపు పదిమందికి ఒక మనిషి చాలంది. నిప్పంటుకున్నప్పుడు ఒక మనిషి చంకలో ఒకరిని, చేత్తో ఒకరిని తీసుకుపోగలదు. మిగతా ఎనిమిది మంది సంగతి ఆలోచించండి.

2. మనిషి. పిల్లలందర్నీ అందరూ చూసుకుంటారంటే ఏ పిల్లనూ ఎవరూ చూసుకోనట్టే. ఒక్కో పిల్లకూ ఫలానా ఆమే తన మనిషి అని గదిలో ఒకరు ఉండాలి. తినిపించేది, గుడ్డలు మార్చేది, నిద్రపుచ్చేది వీలైనంత వరకు ఆమే కావాలి. చేర్చే పద్ధతి కూడా గది నమూనాలో భాగమే. మొదటి మూడు రోజులు తల్లి గంటసేపు గదిలోనే కూర్చోవాలి. నాలుగో రోజు చెప్పి పది నిమిషాలు బయటికి వెళ్ళి రావాలి. రెండో వారంలో పూట, ఆ తర్వాతే మధ్యాహ్నం నిద్ర. పిల్ల ఆటలో ఉండగా దొంగచాటుగా జారుకోమని తల్లికి సలహా ఇచ్చే కేంద్రాలున్నాయి. ఆ రోజుకు ఏడుపు తప్పుతుంది. మర్నాటి నుంచి పిల్ల ఆట మానేసి తలుపునే కాపలా కాస్తుంది, ఎందుకంటే కళ్ళు తిప్పితే అమ్మ మాయమవుతుందని నేర్చుకుంది.

ఇందుకు గదిలో కావలసింది చాలా తక్కువ. తలుపు పక్కన ఒకటిన్నర మీటరు పొడవు అరుగు, పాలిచ్చే తల్లికి ఒక తెర, నేల నుంచి 60–70 సెంటీమీటర్ల ఎత్తులో ఇంటివాళ్ళ ఫొటోలు, అమ్మ పాత చీర ముక్క పెట్టుకునే సంచి. కూలికెళ్ళే తల్లి వారం రోజుల కూలి పోగొట్టుకుని అరుగు మీద కూర్చోలేదు. ఆమెకు సాయంత్రాల్లో, సెలవు రోజుల్లో ఈ వీలు కల్పించాలి, లేదా అమ్మమ్మనో నాన్ననో రానివ్వాలి. 2017 చట్టం ఉద్యోగం చేసే తల్లికి రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కు వెళ్ళే హక్కు ఇచ్చింది. క్రెష్‌ను నాలుగో అంతస్తులో పెట్టి కింద గేటుకు తాళం వేస్తే ఆ హక్కు కాగితానికే.

3. నేల, ఎక్కడం, మోయడం. మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇది, అన్నిటికన్నా నిర్లక్ష్యం జరిగేదీ ఇక్కడే. ఏడాదింబావు నుంచి రెండున్నరేళ్ళ మధ్య పిల్లను అరగంట చూడండి. ఇక్కడి వస్తువు అక్కడికి మోస్తుంది. నింపుతుంది, కుమ్మరిస్తుంది. గుడ్డ కప్పి తీస్తుంది. పైనుంచి జారవిడిచి ఎక్కడ పడిందో చూస్తుంది. దీన్ని మనం అల్లరంటాం. బరువు, లోతు, లోపల, బయట, పైన, కింద అన్న మాటలు ఆ పిల్లకు అర్థమయ్యే దారి అదొక్కటే. దాన్ని ఆపితే తర్వాత ఏ చార్టు చూపించినా ఆ లోటు తీరదు.

కాబట్టి గదిలో మూడు మెట్ల దిమ్మె ఒకటి ఉండాలి. ఒక్కో మెట్టు 10–12 సెంటీమీటర్ల ఎత్తు, 25–30 సెంటీమీటర్ల వెడల్పు, రెండు వైపులా పట్టుకునే కమ్మీ, కమ్మీల మధ్య సందు 9 సెంటీమీటర్లకు మించకూడదు. మించితే ఒళ్ళు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. దిమ్మె మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు దాటకూడదు, కింద పలచని పరుపుండాలి. తోసుకుంటూ నడవడానికి చెక్కపెట్టె కావాలి. అందులో రెండు మూడు కిలోల ఇసుక సంచి వేయాలి, ఖాళీ పెట్టెను ఊతం పట్టుకుంటే పిల్లతో సహా బోర్లా పడుతుంది. మన ఇళ్ళలో ఒకప్పుడు ఉన్న మూడు చక్రాల చెక్కబండి మంచి వస్తువే. దాని వెనక పిల్ల తన కాళ్ళ మీద తానే నిలబడేది. నడుముకు గుడ్డ చుట్టి మధ్యలో కూర్చోబెట్టే వాకరు వేరు. మెట్ల దగ్గర అది ప్రాణాంతకం, నడకా త్వరగా రాదు. కెనడా 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. మన కేంద్రాల్లో దాతలు ఇచ్చారని ఇంకా వాడుతున్నారు.

గది మధ్యలో పెద్ద ఖాళీ వదిలితే అది పరుగుపందేల మైదానం అవుతుంది, ఢీకొనడాలు అక్కడే జరుగుతాయి. 60 సెంటీమీటర్ల ఎత్తు అరలతో దాన్ని మూడు నాలుగు మూలలుగా విడగొట్టండి. పిల్లకు అది గోడ, నిలబడ్డ పెద్దమనిషికి అవతలంతా కనబడుతుంది. రెండంగుళాల గడపకు వాలు పలక వేయించండి. నీళ్ళు పడితే జారే టైల్స్ కన్నా గరుకు షాబాద్ బండలు మేలు, అంచులు మాత్రం గుండ్రంగా అరగదీయించాలి.

కూర్చోలేని పిల్లను దిండ్లు పెట్టి కూర్చోబెట్టడం, నడవలేని పిల్లను చేతులు పట్టి ఈడ్చడం మానాలి. 1946 నుంచి బుడాపెస్ట్ శిశుగృహంలో పిల్లల వైద్యురాలు ఎమ్మి పిక్లర్ నేర్పింది ఇదే: నేల చదునుగా, బట్టలు వదులుగా ఉంచి ఆగితే పిల్ల తన వంతు వచ్చినప్పుడు తానే లేస్తుంది.

4. అరలు, వస్తువులు. అర ఎత్తు 60, లోతు 30 సెంటీమీటర్లు చాలు. ప్రతి అరనూ గోడకు స్క్రూలతో బిగించాలి, పిల్లలు దాన్ని నిచ్చెన అనుకుంటారు. బొమ్మలన్నీ ఒకే పెద్ద టబ్బులో పోస్తే జరిగేది ఒకటే ఆట: టబ్బు కుమ్మరించడం. ఒక్కో వస్తువు ఒక్కో బుట్టలో, అడుగు కనబడేలా పెట్టాలి. పదిమందికి 25 వస్తువులు బయట, మిగతావి అటక మీద. వారానికి నాలుగైదు మార్చితే చాలు. అన్నీ ఒక్కసారే మార్చితే పిల్లలకు గది పరాయిదవుతుంది.

పక్కపక్కన ఆడే వయసు కాబట్టి రకాలకన్నా జతలు ముఖ్యం. పది రకాల బళ్ళు ఒక్కొక్కటి కొనేకన్నా ఒకే రకం బండి మూడు కొనండి. ‘పంచుకోవాలమ్మా’ అని రెండేళ్ళ పిల్లకు నీతి చెప్పే శ్రమ సగం తగ్గుతుంది. కొనడానికి పెద్ద టెండర్లు అక్కర్లేదు. చెంబు, గరిటె, చిన్న చేట, తాటాకు బుట్ట, అంచులు నున్నగా తీసిన కొబ్బరి చిప్ప, మూతలున్న స్టీలు డబ్బాలు. ఒక మూల గుజ్జనగూళ్ళకు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా ఈ దేశంలోనే శిక్షణ ఇచ్చింది. విద్యావేత్త తారాబాయి మోడక్ ఆ పద్ధతిని మహారాష్ట్రలోని కోస్బాద్ ఆదివాసీ పిల్లల దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఊళ్ళో దొరికే వస్తువులతోనే నడిపింది. ఆ దారి మనకు కొత్తదేం కాదు.

ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేస్తారు. పెద్ద సైజు గిలకలు, తోపుడు బొమ్మలు ఆర్డరు ఇవ్వండి. చిన్న లక్కపిడతలు మాత్రం మూడేళ్ళ తర్వాతే. కొండపల్లి బొమ్మ అందమైనదే కానీ అతికించిన ముక్కలు ఊడతాయి, పై అరలో చూడటానికి ఉంచండి.

5. నోట్లోకి పోయేవి. 3.2 సెంటీమీటర్ల గొట్టంలోంచి దూరే ఏ వస్తువైనా ఈ వయసు పిల్ల గొంతుకు అడ్డుపడగలదు. 40 ఎంఎం పీవీసీ పైపు నుంచి ఆరు సెంటీమీటర్ల ముక్క కోసి గదిలో పెట్టుకోండి. దాని లోపలి కొలత కాస్త ఎక్కువే ఉంటుంది, ఉండనివ్వండి. అందులో పట్టే వస్తువు ఈ గదిలో ఉండకూడదు. పెద్ద పిల్లలకు లెక్కలు నేర్పే చింతపిక్కలు ఇందులో మొదటివి. గురివింద గింజలు రెండింతలు ప్రమాదం, అవి విషం కూడా. పల్లీలు, పుట్నాలు, ముక్కలు చేయని ద్రాక్ష, గింజ తీయని రేగుపండు, సీతాఫలం పెట్టకూడదు. పాడే బొమ్మల్లోని గుండీ బ్యాటరీ మింగితే రెండు గంటల్లో అన్నవాహికను కాల్చేస్తుంది. స్క్రూతో బిగించని బ్యాటరీ మూత ఉన్న బొమ్మ దానంగా వచ్చినా తిప్పి పంపండి.

6. అన్నం, నీళ్ళు, దొడ్డి. గుడ్డలు మార్చే చోటుకూ అన్నం వడ్డించే చోటుకూ కనీసం రెండు మీటర్ల ఎడం, వేర్వేరు కుళాయిలు ఉండాలి. ఒకే ఆయా ఒకే కుళాయి దగ్గర రెండూ చేస్తే ఒక పిల్ల విరేచనాలు వారంలో గదంతా తిరుగుతాయి. ఆ వారం తల్లికి పని పోతుంది, ఇళ్ళల్లో పనిచేసే మనిషైతే ఆ ఇల్లే పోవచ్చు. గుడ్డలు మార్చడానికి ఎత్తు బల్ల కన్నా నేల మీద కడిగే చాప భద్రం. పిల్లల కుళాయి ఎత్తు 45–50 సెంటీమీటర్లు. బకెట్ ఎప్పుడూ బోర్లించి ఉండాలి, జానెడు నీళ్ళలో తల దూర్చిన పిల్ల తనంతట తాను లేవలేదు. నీళ్ళ ఆట మాత్రం మానొద్దు: 5–8 సెంటీమీటర్ల నీళ్ళు, పక్కన కూర్చున్న మనిషి, ఆట అవగానే పారబోత.

తినేటప్పుడు పాదాలు నేలకు ఆనాలి. రెండేళ్ళలోపు పిల్లకు కుర్చీ ఎత్తు 16–20 సెంటీమీటర్లు, ఆ పైవాళ్ళకు 20–25, బల్ల ఆ కుర్చీ కన్నా 20 సెంటీమీటర్లు ఎత్తుండాలి. ఆ మాటకొస్తే మన పీట చాలు, చవక కూడా. కింద పడేస్తారని తినిపించేస్తే పిల్లకు చెయ్యి రాదు, కింద షీటు పరచండి.

ఇక ‘బాత్రూం అలవాటైతేనే అడ్మిషన్’ అన్న ప్లేస్కూలు షరతు. రెండు గంటలు పొడిగా ఉండగలగడం, వస్తోందని చెప్పగలగడం పిల్లల్లో వేర్వేరు నెలల్లో వస్తాయి, తొందరపెడితే రావు. ఆ షరతుకు భయపడి ఇంట్లో కొడతారు. తడుపుకున్న పిల్లను నలుగురిలో నవ్వితే ఎరిక్సన్ చెప్పిన సిగ్గు అక్కడే పుడుతుంది. ఐదుగురికొక చిన్న పాటీ (దొడ్డికి కూర్చునే గిన్నె) పెట్టండి, షరతు తీసేయండి.

7. నిద్ర, మోత, వేడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లకు రోజు మొత్తంలో 11–14 గంటల నిద్ర కావాలంది. పిల్లకో చాప, చాపకూ చాపకూ మధ్య రెండడుగులు, ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్ళు. రేకుల కప్పయితే వేసవికి ముందే పైన సున్నం పూయించండి. ఖాళీ కాంక్రీటు గదిలో మాట మారుమోగుతుంది. మాటలు నేర్చుకునే పిల్లకు ఆ మోతలో అక్షరం అక్షరంగా వినబడదు, టీచరు గొంతు పెంచుతుంది, మోత ఇంకా పెరుగుతుంది. ఒక జంపఖానా, రెండు మందపాటి తెరలు దీన్ని చాలావరకు తగ్గిస్తాయి.

8. గోడలు, పలకలు, టీవీ. నేల నుంచి కప్పు దాకా కార్టూన్లు, అక్షరాలు వేయించిన గది తల్లిదండ్రుల కోసం, పిల్లల కోసం కాదు. గోడలనిండా బొమ్మలుంటే ఐదేళ్ళవాళ్ళకే చూపు చెదిరి పాఠం తలకెక్కడం తగ్గిందని 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. లేత రంగు ఒకటి వేసి, మూడడుగుల లోపు పిల్లకు అందే నాలుగు ఫొటోలు పెట్టండి. ఇక పలకల సంగతి. పెద్దల మణికట్టులో ఎనిమిది ఎముకలుంటాయి. రెండేళ్ళ పిల్లకు వాటిలో రెండు మూడే గట్టిపడి ఉంటాయి. ఆ చేతికి మట్టి, పిండి ముద్ద, లావు సుద్దముక్క ఇవ్వాలి, పెన్సిలు కాదు. టీవీ సంగతి చెప్పక్కర్లేదు, గదిలోంచి తీసేయండి.

ఈ గదులు పనిచేయకపోతే ఎవరు మోస్తున్నారో కూడా చెప్పాలి. ఏడుస్తోందని, జ్వరమొస్తోందని పిల్లను క్రెష్ మాన్పిస్తారు. ఆ తర్వాత తల్లి కూలి మానుతుంది, లేదా నాలుగో తరగతి చదివే అక్క బడి మానుతుంది. ఎక్కువసార్లు అక్కే. హాజరు పట్టికలో ఆమె పేరు పక్కన గైర్హాజరు పడుతుంది, కారణం ఎక్కడా రాయరు.

మా డిమాండ్లు:

1. మూడేళ్ళలోపు పిల్లలకు తలకు 2.5 చదరపు మీటర్లు, ఒక గదిలో పదిమందికి మించకుండా, ఐదుగురికి ఒక మనిషి. అనుమతి పత్రంలోనే ఈ అంకెలు ఉండాలి.

2. తనిఖీకి వచ్చేవాళ్ళు రిజిస్టర్లు చూసే ముందు అరగంట మూల కూర్చుని, పెద్దవాళ్ళు ‘వద్దు, ముట్టుకోకు, కూర్చో’ అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టి రాయాలి. ఆ అంకె ఎక్కువైతే టీచరుకు మెమో ఇవ్వకండి, గదిని సరిచేయండి.

3. రెండు వారాల చేరిక పద్ధతిని సర్క్యులర్‌గా ఇవ్వాలి, కూలి తల్లులకు వేళల వెసులుబాటుతో.

4. క్రెష్ కార్యకర్తను సర్వేలకు, యాప్ నమోదులకు వాడకూడదు. జీతం నెలనెలా అందాలి. ఆమె మానేసిన ప్రతిసారీ పదిమంది పిల్లలు తమ మనిషిని పోగొట్టుకుంటారు.

5. మూడు నుంచి ఆరేళ్ళవాళ్ళ కిట్‌నే చిన్నవాళ్ళకు పంపడం ఆపాలి. ఈ వయసుకు వేరే జాబితా, అందులో సగం స్థానిక వస్తువులు.

6. ప్లేస్కూళ్ళలో మూడేళ్ళలోపు పిల్లలకు రాత, హోంవర్కు, ఇంటర్వ్యూ, బాత్రూం షరతు రద్దు చేయాలి.

7. ఇప్పటికే కట్టేసిన గదుల్లో మొదటి నెలలో చేయగలిగినవి నాలుగున్నాయి: అరలు గోడకు బిగించడం, వాకర్లు తీసేయడం, బకెట్లు బోర్లించడం, పైపు ముక్కతో వస్తువులు ఏరేయడం. వీటికి బడ్జెట్ ఆమోదం కోసం ఆగనక్కర్లేదు.

ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. కాదనేట్టయితే ఏ అంకె కాదో, ఎందుకు కాదో చెప్పండి. ఏ కేంద్రానికి రమ్మన్నా వస్తాం, టేపు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
పసిపిల్లల సంరక్షణలో పనిచేస్తున్న శిక్షకులు, క్రెష్ నిర్వాహకులు